ఊరి ఆరోగ్యంపై ప్రభుత్వ నిధులతో పరిశోధన: ప్రశ్న దగ్గర్నుంచి రచ్చబండ దాకా

"ఏం డాక్టరమ్మా, నిరుడు మా రక్తం పట్టుకుపోయారుగా, ఏం తేలింది?"

అంగన్‌వాడీ మెట్ల మీద కూర్చున్న ఒకావిడ నన్ను అడిగిన మాట ఇది. మా సర్వే ముగిసి అప్పటికి 14 నెలలు. ఆవిడ చేతి నుంచి తీసిన రెండు మిల్లీలీటర్ల రక్తం మా పట్టికలో ఒక అంకె అయింది. ఆ పట్టిక ఒక సదస్సులో తెర మీద కనిపించింది, చప్పట్లు కొట్టారు. ఆవిడకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. కాలేజీకి తిరిగొచ్చి పాత రిజిస్టర్ తీసి చూస్తే ఆవిడ హిమోగ్లోబిన్ 7.4. అంటే తీవ్రమైన రక్తహీనత. ఆ రోజే ఆసుపత్రికి పంపించాల్సిన మనిషిని మేం 14 నెలలు కాగితంలో ఉంచుకున్నాం.

ఈ మార్గదర్శి రాయడానికి కారణం ఆవిడే. ప్రభుత్వ నిధులంటే ఆవిడ అగ్గిపెట్టె కొన్నప్పుడు కట్టిన పన్నుతో సహా మనందరి డబ్బు. ఆ డబ్బుతో చేసే ఆరోగ్య పరిశోధన ఊరి ప్రశ్నతో మొదలై, జవాబు పట్టుకుని ఊరికే తిరిగిరావాలి. మెడికల్, నర్సింగ్, సోషల్ వర్క్ కాలేజీల్లో పనిచేసే యువ అధ్యాపకులు, పీజీ విద్యార్థులు, పల్లెల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థల వాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోవడం చాలాసార్లు చూశాను. వాళ్ళ కోసం ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్తాను: ఒక మండలంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత. మీ విషయం మధుమేహమైనా, తాగుడైనా, వృద్ధుల ఒంటరితనమైనా అడుగులు ఇవే.

మొదటి అడుగు: ప్రశ్నను ఊళ్ళో వెతకండి

"రక్తహీనత ఎంతమందికి ఉంది?" అనేది బలహీనమైన ప్రశ్న. చాలామందికి ఉందని అందరికీ తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం ఈ వయసు స్త్రీలలో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. ఇంకో 58 కనిపెట్టడానికి ఎవరూ డబ్బివ్వరు, ఇవ్వకూడదు కూడా.

రాయడం మొదలుపెట్టే ముందు నాలుగైదు ఊళ్ళకి ఉత్త చేతులతో వెళ్ళండి. ఆశా కార్యకర్త పక్కన కూర్చోండి. ఐరన్ మాత్రల గురించి అడిగితే ఇలాంటివి వినపడతాయి: మింగితే వికారం, విరేచనం నల్లగా అవుతోంది, మలబద్ధకం, "బిడ్డ నల్లగా పుడుతుందని మా అత్త వద్దంది." గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, 180 రోజులు వేసుకోవాలి. పట్టీలు ఇంటికి చేరాయని రిజిస్టర్ చెబుతుంది. బియ్యం డబ్బా వెనక విప్పని పట్టీలు ఎన్నున్నాయో మాత్రం ఆ ఇంట్లో కూర్చుంటేనే తెలుస్తుంది. నాకు ఒక ఇంట్లో పదకొండు కనిపించాయి.

ఇప్పుడు ప్రశ్న మారింది: "మాత్ర అందినవాళ్ళలో మింగుతున్నది ఎందరు, మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు, రాత్రి భోజనం తర్వాత వేసుకోమని ఆశా వివరంగా చెబితే మార్పు వస్తుందా?" ఇది జవాబు దొరికే ప్రశ్న. జవాబు దొరికితే పీహెచ్‌సీ మర్నాటి నుంచే అమలు చేయగల ప్రశ్న. ఈ రెండు గుణాలూ లేనిదాన్ని పక్కన పెట్టండి.

రెండో అడుగు: పాత లెక్కలు, పాత పనులు చదవండి

పైన చెప్పిన సర్వే జిల్లా పట్టికలు ఉచితంగా దొరుకుతాయి. కానీ వాటి హద్దు తెలుసుకుని వాడాలి. ఐదో విడతలో 707 జిల్లాల్లో సుమారు 6.37 లక్షల ఇళ్ళు చూశారు, అంటే సగటున జిల్లాకు 900 ఇళ్ళు. జిల్లా అంచనాకు అది సరిపోతుంది. దాన్ని పట్టుకుని "మా మండలంలో ఇంత" అనడం తప్పు. పైగా ఆంధ్రప్రదేశ్ పట్టికలు పాత 13 జిల్లాలవి. 2022 ఏప్రిల్‌లో అవి 26 అయ్యాయి, కాబట్టి మీ ఊరు అప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకోండి.

ఇంకో మెలిక ఉంది. ఆ సర్వేలో రక్తం వేలి చివర నుంచి తీశారు. వేలు పిండితే కణాల మధ్య ద్రవం కూడా కలుస్తుంది, అంకె అటూ ఇటూ అవుతుంది. సిర నుంచి తీసిన రక్తంతో చేసిన అధ్యయనాల్లో రక్తహీనత శాతం తక్కువగా వచ్చిన సందర్భాలున్నాయి. అందుకే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆహారం, రక్త సూచికల మీద చేపట్టిన కొత్త దేశవ్యాప్త సర్వేకి సిర రక్తమే ఎంచుకుంది. మీరూ అదే చేయండి. ఖర్చు పెరుగుతుంది, కానీ రేపు మీ అంకెను ఎవరూ తోసిపుచ్చలేరు.

ఈ పోషకాహార సంస్థ గురించి ప్రతి తెలుగు పరిశోధకుడికీ కొంత తెలిసి ఉండాలి. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి మీద మొదలుపెట్టిన చిన్న విచారణా కేంద్రం 1958లో హైదరాబాద్‌కు వచ్చింది, ఇప్పుడు తార్నాకలో ఉంది. జొన్నన్నమే ఆధారంగా బతికేవాళ్ళలో వచ్చే పెల్లాగ్రా మీద, నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన కుర్రాళ్ళ మోకాళ్ళు వంకరపోవడం మీద ఇక్కడి శాస్త్రవేత్తలు చేసిన పని మన పల్లెల్లోంచే వచ్చింది.

అన్నిటికన్నా నాకు దగ్గరగా అనిపించేది ఉప్మా కథ. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ శివార్లలోని 29 పల్లెల్లో ఈ సంస్థ ఒక అధ్యయనం చేసింది. 15 ఊళ్ళలో గర్భిణులకీ, బాలింతలకీ, ఆరేళ్ళలోపు పిల్లలకీ రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్ళకి ఆ అనుబంధ పోషకాహార పథకం అప్పటికింకా రాలేదు. అధ్యయనం ముగిసింది, ఫైళ్ళు అటకెక్కాయి. 2003 నుంచి 2005 మధ్య మళ్ళీ అవే ఊళ్ళకి వెళ్ళి, 13 నుంచి 18 ఏళ్ళ వయసుకొచ్చిన ఆ పిల్లలు 1,165 మందిని కొలిచారు. ఉప్మా పెట్టిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం అనే సూచిక వాళ్ళలో సుమారు 20 శాతం తక్కువగా ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడూ, పసితనంలోనూ అందిన గిన్నెడు ఉప్మా గుర్తులు పదిహేనేళ్ళ తర్వాత కూడా ఒంట్లో కనబడ్డాయి.

ఇది సాధ్యమైందంటే ఏ పిల్ల ఏ ఇంటిదో చెప్పే రికార్డులు మిగలబట్టే. మీ ఇళ్ళ జాబితానూ, ఊరి పటాన్నీ అంత జాగ్రత్తగా దాచండి. రేపు ఎవరు ఏ ప్రశ్నతో వస్తారో మనకి తెలియదు.

మూడో అడుగు: డబ్బు ఎక్కడుంది

ఆరోగ్య పరిశోధనకు పెద్ద దిక్కు భారత వైద్య పరిశోధన మండలి, అందరూ ఐసీఎంఆర్ అనేది. 1911లో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్‌గా పుట్టి 1949లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. బయటి సంస్థల పరిశోధకులకిచ్చే నిధుల కోసం ఆన్‌లైన్‌లో ప్రకటనలు వేస్తుంది. ఆరోగ్య మంత్రిత్వ శాఖ కింద ఉన్న ఆరోగ్య పరిశోధన విభాగం గ్రాంట్లు కూడా ఉన్నాయి. మీ ప్రశ్నలో వైద్యం కన్నా సమాజం పాలు ఎక్కువైతే, అంటే వలస కూలీల కుటుంబాలో, వృద్ధుల సంరక్షణో, మద్యం వల్ల ఇళ్ళలో జరిగే హింసో అయితే, 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి వైపు చూడండి. చిన్న ప్రాజెక్టులకీ పెద్ద ప్రాజెక్టులకీ వేర్వేరు పిలుపులుంటాయి. ఎంబీబీఎస్ చదివే పిల్లలకు ఐసీఎంఆర్ 1979 నుంచి నడుపుతున్న ఎస్‌టీఎస్ అనే రెండు నెలల విద్యార్థి పరిశోధన పథకం ఉంది. మొదటి మెట్టుగా దానికి మించింది లేదు.

ఎవరు దరఖాస్తు చేయొచ్చన్నది ప్రకటనలో చదవకుండా ఒక్క వాక్యం కూడా రాయకండి. సాధారణంగా ప్రధాన పరిశోధకుడు గుర్తింపు పొందిన సంస్థలో రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి. స్వచ్ఛంద సంస్థ అయితే కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం (డీఎస్ఐఆర్) గుర్తింపు, ఏళ్ళ ఆడిట్ లెక్కలు అడుగుతారు. అవి లేని చిన్న సంస్థలు నిరాశపడనక్కర్లేదు. దగ్గరి ప్రభుత్వ మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగానికి వెళ్ళండి. అక్కడ అర్హత ఉంటుంది, మీ దగ్గర ఊళ్ళ నమ్మకం ఉంటుంది. ఈ రెండూ కలిసిన ప్రతిపాదన బలంగా నిలబడుతుంది. కాకపోతే ఎవరి పేరు ఎక్కడ ఉండాలో, ఏ డబ్బు ఎవరి ఖాతాకి రావాలో మొదటి రోజే కాగితం మీద పెట్టుకోండి.

ప్రతిపాదన చదివే నిపుణుడి ముందు మీలాంటివి బోలెడు ఉంటాయి. మొదటి పేజీలోనే ప్రశ్న, ఊళ్ళు, ఎంతమంది, ఏం కొలుస్తారు, తేలినదాన్ని ఎవరు అమలు చేస్తారు అన్నవి కనబడాలి. ప్రపంచంలో రక్తహీనత ఎంత ఉందో చెబుతూ మూడు పేజీలు నింపకండి.

నాలుగో అడుగు: బడ్జెట్‌లో ఊరి పద్దు

సిబ్బంది జీతాలు, పరీక్షల ఖర్చు, ప్రయాణాలు, సామగ్రి, సంస్థకు చెల్లించే ఓవర్‌హెడ్: ఇవన్నీ అందరూ రాస్తారు. రాయనివాటి గురించి చెబుతాను.

ఒకటి, కూలి నష్టం. రక్తం ఇవ్వడానికి ఒక మనిషి పూట పని మానుకుంటే ఆ పూట కూలి మీరు తీసుకున్నట్టే. జాతీయ నైతిక మార్గదర్శకాలు దానికి పరిహారం ఇవ్వొచ్చంటాయి. ఉపాధి పని కూలి రేటును కొలతగా పెట్టుకుంటే ఆశ చూపినట్టూ ఉండదు, అన్యాయమూ జరగదు. రెండు, ఆశా, అంగన్‌వాడీ టీచర్ల సమయం. వాళ్ళని ఉచితంగా తిప్పుకోవడం మనకి అలవాటైపోయింది. మూడు, తీవ్ర రక్తహీనత బయటపడ్డ వాళ్ళని ఆసుపత్రికి చేర్చే ఆటో ఖర్చు. నాలుగు, ఫలితాలను తెలుగులో అచ్చువేసి ప్రతి ఇంటికీ ఇచ్చే చీటీ, ఊరి సభలు, వాటికి మళ్ళీ చేసే ప్రయాణాలు. ఈ నాలుగో పద్దు లేకపోవడం వల్లే నేను ఆ అంగన్‌వాడీ మెట్ల దగ్గర జవాబు లేకుండా నిలబడ్డాను. ప్రాజెక్టు గడువు ముగిసేసరికి ఊరికి తిరిగి వెళ్ళడానికి మా దగ్గర బండి డీజిల్‌కు కూడా పద్దు లేదు.

డబ్బు విడతలుగా వస్తుంది, ఆలస్యంగా వస్తుంది. మొదటి విడత ఖర్చు లెక్క, వినియోగ ధ్రువపత్రం పంపితే గానీ రెండోది రాదు. ప్రతి బిల్లూ ఆ వారమే ఫైలు చేయండి. నెలకోసారి మీ అకౌంట్స్ సెక్షన్‌లో కూర్చుని పద్దులు సరిచూసుకోండి. అక్కడి సూపరింటెండెంట్‌తో మంచిగా ఉండటం పరిశోధన నైపుణ్యాల్లో ఒకటి.

ఐదో అడుగు: అనుమతి, అంగీకారం

పరిశోధనలో పాల్గొనేవాళ్ళకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఒక్క ఇంటి తలుపు కూడా తట్టకూడదు. ఐసీఎంఆర్ 2017 జాతీయ నైతిక మార్గదర్శకాలే ఆధారం. కమిటీలో కనీసం ఏడుగురుండాలి, అందులో న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రవేత్త, శాస్త్రంతో సంబంధంలేని సామాన్య సభ్యులు ఉంటారు. కమిటీ ప్రభుత్వం దగ్గర నమోదై ఉందో లేదో చూసుకోండి. ఆశా వివరంగా చెప్పడం లాంటి ఏ మార్పునైనా పరీక్షిస్తుంటే అది ట్రయల్ కిందికి వస్తుంది కాబట్టి, మొదటి మనిషిని చేర్చుకోకముందే 2007లో మొదలైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి.

అంగీకారాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో మన గడ్డమీదే చూశాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు జరిగింది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థతో పాటు ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం అందులో భాగస్వాములు. టీకా వేయించుకున్నవాళ్ళలో ఎందరో ఆశ్రమ పాఠశాలల్లో ఉండే గిరిజన బాలికలు. పరిశీలనకొచ్చిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. చాలామంది తల్లిదండ్రులకు విషయమే తెలియదు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుబట్టింది. కొందరు బాలికల మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేల్చారు, ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిజంగా అడ్డుకుంటుంది. అయినా ఆ సంతకాల వల్ల పోయిన నమ్మకం ఏళ్ళ తరబడి తిరిగి రాలేదు. మంచి మందైనా అడగకుండా ఇస్తే అన్యాయమే.

అంగీకార పత్రాన్ని ఇంగ్లీషులో రాసి తెలుగు చేయించకండి. తెలుగులోనే రాయండి. "ఈ అధ్యయనమందు పాల్గొనుట స్వచ్ఛందము" అంటే ఎవరికీ ఎక్కదు. ఇలా రాయండి: "మీకు ఇష్టమైతేనే రక్తం ఇవ్వండి. ఇవ్వకపోయినా పింఛను, రేషను, ఆసుపత్రి సేవ ఏదీ ఆగదు. ఇచ్చాక కూడా వద్దనిపిస్తే చెప్పండి, మీ వివరాలు తీసేస్తాం." పింఛను, రేషను మాట తప్పనిసరి. ఆశాతో, పంచాయతీ వాళ్ళతో కలిసి మీరు గుమ్మంలోకి రాగానే ఆ ఇంటివాళ్ళ మనసులో మెదిలే మొదటి భయం అదే. చదవడం రానివాళ్ళకి పత్రం చదివి వినిపించి, మీ బృందానికి చెందని ఒక సాక్షి ముందు వేలిముద్ర తీసుకోండి. పద్దెనిమిదేళ్ళు నిండని అమ్మాయిలుంటే తల్లో తండ్రో ఒప్పుకోవాలి, ఆ అమ్మాయి కూడా సరేననాలి.

పేర్లున్న కాగితం, ఫలితాలున్న ఫైలు వేరువేరుగా తాళంలో ఉండాలి. ఎవరి రిపోర్టూ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. హెచ్‌ఐవీ, మానసిక ఆరోగ్యం, గృహహింస లాంటి విషయాల్లో ఆ ఒక్క ఫొటో ఒక కాపురాన్ని కూల్చగలదు.

ఆరో అడుగు: ఎంతమంది, ఏ ఇళ్ళు

లెక్క సూటిగా చెబుతాను. రక్తహీనత 58 శాతం ఉంటుందనుకుందాం, అటూ ఇటూ 5 శాతం తేడా ఒప్పుకుందాం. 4ని (సూత్రంలో మారని అంకె) 58తో, 42తో (వందలో మిగిలింది) గుణించి 25తో (ఐదైదులు) భాగిస్తే 390. కొన్ని ఊళ్ళనే ఎంచుకుంటున్నాం, ఒకే ఊరివాళ్ళు కొంత ఒకేలా ఉంటారు కాబట్టి ఒకటిన్నర రెట్లు చేస్తే 585. పదిమందిలో ఒకరు దొరకరనో ఒప్పుకోరనో అనుకుంటే 650. ముప్పై ఊళ్ళు లేదా వార్డులు, ఒక్కోచోట 22 మంది అంటే 660. సరిపోతుంది. మార్పు వచ్చిందా లేదా అని రెండు గుంపులను పోల్చే భాగానికి ఈ లెక్క చాలదు, దానికి గణాంక నిపుణుడి సాయం తీసుకోండి.

అంకె సరిగా వేసి కూడా పరిశోధన పాడయ్యేది ఇళ్ళ ఎంపికలో. బస్సు దిగిన చోటు నుంచి మొదలుపెడితే రోడ్డు పక్క డాబాలే దొరుకుతాయి. ఊరికి అవతలున్న దళితవాడ, చెరువు దాటితే వచ్చే తండా, ఇటుక బట్టీ దగ్గర వలసొచ్చిన వాళ్ళ గుడిసెలు జారిపోతాయి. రక్తం తక్కువున్నది అక్కడే. ముందు ఊరంతా తిరిగి ప్రతి గడపకూ నంబరు వేసిన జాబితా చేయండి, దాన్లోంచి చీటీ తీసినట్టు ఎంచండి. తాళం వేసిన ఇంటికి మూడుసార్లు వెళ్ళండి, ఒకసారైనా పొద్దుగూకాక. నాట్ల రోజుల్లో ఆడవాళ్ళు తెల్లారకముందే పొలంలో ఉంటారు, మిరపకోతలప్పుడు ఊరే ఖాళీ అవుతుంది. పదకొండు గంటలకు వెళ్ళి "ఎవరూ లేరు" అని రాసుకుని రావడం పనికాదు.

ఏడో అడుగు: ప్రశ్నలు తెలుగులో

ఇక్కడ కొంచెం నిదానించాలి. ప్రశ్నాపత్రం పరిశోధనకు నోరు.

"గత రెండు వారాల్లో మీరు నిరాశకు లోనయ్యారా?" అని అడిగితే మన పల్లెల్లో చాలామంది లేదంటారు. దిగులనో, "మనసు బాగోట్లేదు" అనో, "గుండె దడ, రాత్రంతా నిద్ర పట్టదు, ఒళ్ళంతా నొప్పులు" అనో చెబుతారు. బాధ ముందు ఒంట్లోంచి మాట్లాడుతుంది. సామాజిక శ్రేయస్సు కొలవాలంటే ఆ మాటలు తెలిసి ఉండాలి. రెండు వారాలు అనే బదులు "పోయిన అమావాస్య నుంచి" అనో, "సంక్రాంతి అయ్యాక" అనో ఆ వారానికి తగ్గ గుర్తు పెట్టండి. ఇంగ్లీషు ప్రశ్నావళి వాడాల్సి వస్తే ఒకరు తెలుగులోకి, అసలు చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. రెండూ పోల్చి, ఆ తర్వాత సర్వేలో లేని ఊళ్ళో ఓ ఇరవై మందిని అడిగి చూడాలి. ఉత్తరాంధ్ర మాట రాయలసీమలో, సీమ మాట ఆదిలాబాద్‌లో పనిచేయకపోవచ్చు.

తిండి గురించి అడిగేటప్పుడు నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి మొదలుపెట్టి పడుకునే దాకా రమ్మనండి. కొలత గిన్నెలు, గరిటెలు వెంట తీసుకెళ్ళండి. "అన్నం, పప్పు" అని ఆగిపోతారు. "ఆ పప్పు గరిటెడా, అరగరిటెడా? మీరు తిన్నది అందరితోనా, అందరూ అయ్యాకా?" అని అడగండి. ఒకావిడ మా కొలత గిన్నె చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "నాకు అడుగున మిగిలిందే అమ్మా, ఇంత ఎక్కడిది" అంది. ఆ మాటకు మా పత్రంలో గడి లేదు. మర్నాడే "ఇంట్లో ఎవరు ముందు తింటారు" అనే ప్రశ్న చేర్చి, సవరణకు కమిటీ ఆమోదం తీసుకున్నాం. తిన్నది పోషకాలుగా మార్చడానికి జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పట్టికలు వాడండి, 528 ఆహార పదార్థాల వివరాలు అందులో ఉన్నాయి. టీ ఎప్పుడు తాగుతారో కూడా అడగండి. భోజనంతోపాటో మాత్ర వెంటనో తాగే టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఎనిమిదో అడుగు: ఊళ్ళోకి దిగినప్పుడు

జిల్లా వైద్యాధికారి అనుమతి లేఖ, పీహెచ్‌సీ డాక్టర్‌కు ముందుగా సమాచారం, సర్పంచ్‌తో ఒకసారి మాట. ఆ తర్వాత ఊళ్ళో చాటింపు. బృందంలో ఆడవాళ్ళు తప్పనిసరిగా ఉండాలి.

రక్తం తీసే మనిషి అనుభవమున్న టెక్నీషియన్ అయి ఉండాలి. సూది రెండోసారి గుచ్చాల్సి వస్తే ఆ వీధంతా తలుపులేసుకుంటుంది. నమూనాలు ఐస్‌ప్యాక్‌ల పెట్టెలో, చెప్పిన గంటలోపు ల్యాబుకు చేరాలి. ఏ రోజు పత్రాలు ఆ రోజే సరిచూడండి. పదింటిలో ఒక ఇంటికి సూపర్‌వైజర్ మళ్ళీ వెళ్ళి రెండు మూడు ప్రశ్నలు అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యం: ఫలితం రాగానే ఎవరిని వెంటనే పంపాలో ముందే రాసి పెట్టుకోవడం. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 8 కంటే, గర్భిణికి 7 కంటే తగ్గితే అది తీవ్రం. ఆ ఫోన్ ఎవరు చేస్తారు, ఆటో ఎవరు పిలుస్తారు, పీహెచ్‌సీలో ఎవరు చూస్తారు, వెళ్ళారో లేదో మూడో రోజు ఎవరు కనుక్కుంటారు? ఈ నాలుగింటికీ మనుషుల పేర్లు గోడ మీద ఉండాలి. 7.4 ఉన్న మనిషి ఇంకెప్పుడూ రిజిస్టర్‌లో ఉండిపోకూడదు.

తొమ్మిదో అడుగు: లెక్కలు

ఏ పట్టికలు చేస్తారో సమాచారం చేతికి రాకముందే రాసి పెట్టండి. వచ్చాక నచ్చిన అంకె దొరికేదాకా వెతకడం మోసం. ఫలితం మీరు అనుకున్నట్టు రాకపోతే అలాగే రాయండి. "ఆశా చెప్పినా మార్పు రాలేదు" అనేది కూడా ప్రజలు డబ్బిచ్చి తెలుసుకున్న నిజమే.

పదో అడుగు: జవాబు తిరిగి ఇవ్వడం

మొదట ఆ మనిషికి. పేరు, హిమోగ్లోబిన్, దాని అర్థం, ఇప్పుడేం చేయాలి అని నాలుగు వరుసల తెలుగు చీటీ, మూసిన కవరులో, చేతికి. చదవలేనివాళ్ళకి పక్కన ఎవరూ లేనప్పుడు నోటితో చెప్పండి.

తర్వాత ఊరికి. సభ రాత్రి భోజనాల వేళ దాటాక పెట్టండి, పనులు ముగించుకుని ఆడవాళ్ళు రాగలిగేది అప్పుడే. శాతాలు వద్దు. పదిమంది ఆడవాళ్ళని ముందుకు పిలిచి నిలబెట్టి, ఆరుగురిని కూర్చోమని, "మన ఊళ్ళో ఇంతమందికి రక్తం తక్కువ" అని చూపించాం ఒకసారి. ఏ ఒక్కరి ఫలితం చెప్పలేదు, ఎవరైనా నిలబడొచ్చు. కూర్చున్నవాళ్ళని చూస్తూ సభ కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. తర్వాత ఒక మామగారు లేచి, "మా ఇంట్లో కోడలు ఆఖర్న తింటది, అదీ కారణమేనా?" అని అడిగాడు. మూడేళ్ళ ప్రాజెక్టులో నేను విన్న అతి మంచి ప్రశ్న అది.

మూడోది అధికారులకు. నలభై పేజీల రిపోర్టు కలెక్టర్ బల్ల మీద అలాగే ఉండిపోతుంది. ఒక్క పేజీ రాయండి: ఏం తేలింది, ఏం మార్చాలి, ఎంత ఖర్చు, ఎవరు చేయాలి. జార్ఖండ్‌లో ఐసీఎంఆర్ నిధులతో జరిగిన రేషన్స్ అధ్యయనం ఇందుకు మంచి నమూనా. 2,800 మంది క్షయ రోగుల కుటుంబాల్లో 10,345 మందిని చూశారు. ఒక గుంపులో రోగికే నెలకు పది కిలోల ఆహారం, రెండో గుంపులో ఇంట్లోవాళ్ళకీ మనిషికి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. ఇంటిల్లిపాదికీ తిండి అందిన చోట కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. 2023లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మరుసటి ఏడాది నవంబరు నుంచి క్షయ రోగులకు పోషకాహారం కోసం కేంద్రం ఇచ్చే మొత్తం నెలకు 500 నుంచి 1,000 రూపాయలైంది. బియ్యం, పప్పు, కిలోలు: ఏ అధికారికైనా ఒక్క చూపులో అర్థమయ్యే భాష అది.

పత్రికల్లో వ్యాసం వేయించడం ఆ తర్వాతి పని. అందరూ డబ్బు కట్టకుండా చదవగలిగే పత్రికను ఎంచుకోండి, పేర్లు తీసేసిన సమాచారాన్ని ఇతర పరిశోధకులు వాడుకునేలా భద్రపరచండి. ఆశాలకు, సాయపడిన ఊళ్ళకు వ్యాసంలో కృతజ్ఞత రాయండి. ఊళ్ళ పేర్లు రాస్తే ఎవరికైనా చెడ్డపేరు వస్తుందేమో ముందు ఊళ్ళోనే అడగండి.

చివరి విడత లెక్కలు, వినియోగ ధ్రువపత్రం, ముగింపు నివేదిక గడువులోపు పంపండి. అదే వారం ముగింపు నివేదిక తెలుగు ప్రతులు మూడు తీయించి ఒకటి పంచాయతీ ఆఫీసులో, ఒకటి ఉపకేంద్రంలో, ఒకటి అంగన్‌వాడీలో ఇచ్చి రండి. అట్ట మీద మీ విభాగం ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ నంబరుకు ఫోన్ వస్తే ఎత్తే మనిషి ఎవరో, ప్రాజెక్టు ముగిసిన మరుసటి ఏడాది కూడా ఎవరో, ముందే అనుకోండి.